కడిగినా కారు పెయింట్ గరుకుగానే ఉంటోంది, క్లే బార్ వాడొచ్చా?

వాడొచ్చు, కానీ అవసరం ఉంటేనే. క్లే బార్ అంటే పెయింట్‌కి అంటుకున్న మురికిని లాగే, బంకమట్టి లాంటి మెత్తటి ముద్ద. కడిగి ఆరిన కారు మీద, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని మెల్లగా రాసి చూడండి. ఇసుక రేణువుల్లా తగిలితే అవి బ్రేకుల నుంచి రాలిన ఇనుప రజను, చెట్ల జిగురు, ఎక్కడో స్ప్రే చేసిన పెయింట్ తుంపర్లు. షాంపూకి ఇవి వదలవు. మెత్తటి క్లే వీటిని పట్టి లాగేస్తుంది.

నీడలో, బాడీ చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి. అరచేతిలో పట్టేంత క్లే ముక్కను బిళ్ళలా నొక్కి, లూబ్రికెంట్ (క్లే సాఫీగా జారడానికి వాడే ద్రవం) ధారాళంగా చల్లి, రెండడుగుల మేర మాత్రమే తీసుకుని, వేళ్ళ బరువుతోనే నిలువుగా అడ్డంగా జరపండి. గట్టిగా రుద్దితే సన్నటి గీతలు పడతాయి. మొదట్లో పట్టి పట్టి కదులుతుంది, మురికి పోయాక జారిపోతుంది. క్లే అడుగువైపు నల్లబడగానే మడిచి శుభ్రమైన వైపు తిప్పండి. కింద పడిందా, ఎంత ఖరీదైనదైనా పారేయండి. దానికంటిన ఒక్క ఇసుక రేణువు చాలు, బానెట్ పాడవడానికి.

ఉన్న గీతలు దీనితో పోవు. మ్యాట్ ఫినిష్ మీద అసలు వాడొద్దు. పాత వ్యాక్స్ కూడా ఊడిపోతుంది కాబట్టి, పని అయ్యాక తప్పకుండా వ్యాక్స్ గానీ సీలెంట్ (పెయింట్‌ని కాపాడే పూత) గానీ పట్టించండి.