ఛాతీలో నొప్పి: గ్యాసా, గుండెపోటా అని ఇంట్లో తేల్చకండి

అర్ధరాత్రి నాన్నగారికి ఛాతీలో నొప్పి వస్తే గ్యాసో గుండెపోటో ఎలా తెలుసుకోవాలని అడిగారు. తెలుసుకోలేరు. ఈసీజీ లేకుండా డాక్టరే చెప్పలేడు, మీరెలా చెబుతారు?

మన ఇళ్లల్లో మామూలుగా జరిగే తంతు ఇదీ. పెద్దాయన మూడింటికి లేచి కూర్చుంటాడు. బనీను చెమటతో తడిసి ముద్దయిపోతుంది. రొమ్ము మధ్యలో ఎవరో అదిమినట్టు బరువు, దవడలోకో ఎడమ చేతిలోకో లాగుతుంటుంది. "రాత్రి పకోడీలు పడలేదురా" అంటాడు. ఈనో కలిపిస్తారు. ఓ తేన్పు రాగానే అందరికీ ధైర్యం. తేన్పు గుండెపోటులోనూ వస్తుంది! అరగంట అక్కడే గడిచిపోతుంది. ఆపైన వీధి చివర ఆర్‌ఎంపీ వచ్చి తుంటికి నొప్పి ఇంజెక్షన్ పొడుస్తాడు. ఒళ్లు మండేది ఇక్కడే. తర్వాత ఆసుపత్రిలో గుండె రక్తనాళంలోని గడ్డ కరిగించే మందు ఎక్కిస్తే, ఆ పొడిచిన కండలోనే రక్తం గూడు కట్టొచ్చు.

నొప్పి ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి. చెమట గానీ ఆయాసం గానీ తోడైతే ఆ ఐదు నిమిషాలు కూడా ఆగొద్దు. షుగరున్నవాళ్లకి, ఆడవాళ్లకి, బాగా పెద్దవాళ్లకి నొప్పే లేకుండా ఆయాసం, వాంతి, నీరసంతోనే గుండెపోటు రావొచ్చు. బాత్రూంకి కూడా నడిపించకండి. గోడకి ఆనించి, మోకాళ్లు ముడిచి కూర్చోబెట్టండి. బైకు మీద మధ్యలో కూర్చోబెట్టుకుని వెళ్లే సాహసం అసలొద్దు, దారిలో స్పృహ తప్పితే చేసేదేమీ ఉండదు.

ఆస్పిరిన్ పడని ఒళ్లు కాకపోతే, కడుపులో పుండు, నల్లటి విరేచనం, పక్షవాతం లక్షణాలు లేకపోతే, 300 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు. 108 వాళ్లని అడిగి ఇవ్వడం ఇంకా మంచిది. ఎకోస్ప్రిన్ (ఇదీ ఆస్పిరినే) 150 అయితే రెండు, 75 అయితే నాలుగు. మింగించకండి, నమిలించండి. దాని పైపూత కడుపులో కరగకుండా పేగుల్లో కరగడానికే వేసింది, నమిలితేనే మందు త్వరగా పడుతుంది. మందుల డబ్బాలో ఎకోస్ప్రిన్-ఏవీ క్యాప్సూల్ (ఆస్పిరిన్‌తో కొలెస్ట్రాల్ మందు కలిపింది) ఉంటే అది దీనికి బదులు కాదు.

సార్బిట్రేట్ (రక్తనాళాల్ని వదులు చేసే గుండె మందు) మాత్ర పర్సులో పెట్టుకోమని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. డాక్టరు రాసిచ్చిన వాళ్లకి తప్ప పెట్టకండి. బీపీ తక్కువున్న మనిషికి నాలుక కింద పెడితే అక్కడికక్కడే కూలిపోవచ్చు. వయాగ్రా లాంటివి వేసుకున్నవాళ్లకి మరీ ప్రమాదం, మొహమాటపడకుండా అడగండి.

నొప్పి ఎప్పుడు మొదలైందో కాగితం మీద రాసుకోండి. గడ్డ కరిగించాలా, స్టెంటుకి పంపాలా అన్నది చాలావరకు ఆ గంటల లెక్క మీదే ఉంటుంది. ఆసుపత్రి చేరిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలి. మొదటిది నార్మల్ వచ్చిందని ఇంటికి పంపేస్తే ఒప్పుకోకండి. కాసేపాగి మళ్లీ తీయమనండి, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్ష అడగండి. అది కూడా మొదటి గంటల్లో పెరగకపోవచ్చు, రెండోసారి చేయాల్సి వస్తుంది.

అంబులెన్సు వచ్చేలోగా మనిషి పలక్కుండా పడిపోతే, ఊపిరి ఆగినా, గురకలా ఎగబీలుస్తున్నా, మంచం మీంచి నేల మీదికి దించండి. రొమ్ము నడిమి ఎముక మీద అరచేతి మడమ ఆనించి, 5 సెంటీమీటర్లు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. నొక్కిన ప్రతిసారీ రొమ్ము పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, లేకపోతే చేతులు అలిసి లోతు తగ్గిపోతుంది. అంబులెన్సు వాళ్లు అందుకునేదాకా ఆపొద్దు. ఇంకొకరు కిందికెళ్లి గేటు తాళం తీయించి లిఫ్టు ఆపి పట్టుకోవాలి.