బండి చప్పుడు వినగానే ఫోన్ ఎందుకు దాస్తున్నారు?

ఉత్తరం (కొంత భాగం): మాది మిర్యాలగూడ. నాకు 44 ఏళ్లు. మా ఆయన రైస్ మిల్లులో గుమస్తా. బిడ్డ హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతోంది. ఇంటి పనితో పాటు జాకెట్లు కుడతాను. మధ్యాహ్నం పని తెమిలాక ఫోన్లో పాత సినిమా పెట్టుకుంటాను. ‘పొద్దంత ఆ ఫోనేంది’ అని అత్తమ్మ సాధిస్తుంది. ఆయన మాత్రం ఏమీ అనరు, మంచి మనిషి. ఆయన బండి చప్పుడు కాగానే ఫోన్ మిషన్ సొరుగులో పడేస్తాను. ఈ సినిమాల పిచ్చి ఎట్లా మానుకోవాలి? అత్తమ్మ నోరు ఎట్లా మూయించాలి?

జవాబు: సినిమాలు మానక్కర్లేదమ్మా. తెల్లారకముందే లేచి, వండి వార్చి, బట్టలుతికి, ఆపైన ఊళ్లోవాళ్ల జాకెట్లకు హుక్సులు కుట్టే మనిషి మధ్యాహ్నం రెండు గంటలు సినిమా చూస్తే దాన్ని పిచ్చి అనరు. ఇక మీ అత్తగారి నోరు మూయించే ఉపాయం నా దగ్గర లేదు, ఉన్నా చెప్పను. ఆవిడ సాయంత్రం నుంచి నిద్రపోయేదాకా సీరియళ్లు చూస్తుందని, ‘నీ సీరియల్ కంటే నా సినిమానే నయం’ అని మీరూ అనేస్తారని మీరే రాశారు. అక్కడికక్కడ చెల్లు. ఆవిడంటే మీకు విసుగే తప్ప భయం లేదు.

భయం ఇంకొకరంటే. ఇయర్‌ఫోన్ ఒక చెవికే పెట్టుకుంటానని, రెండో చెవి వీధి వైపు ఉంచుతానని రాశారు చూడండి, అసలు ఉత్తరం అదే. ఏమీ అనని మనిషిని చూసి ఎవరైనా ఫోన్ దాస్తారా? ఎప్పుడో ఏదో అనే ఉంటారు, లేదా మాట లేకుండా ఒక చూపు చూసి ఉంటారు. మగాడు గడప తొక్కేసరికి ఆడమనిషి చేతిలో పని కనబడాలి, మన ఇళ్లలో అదొక రివాజు. మిషన్ తిరుగుతుంటే ఆయనకు నిమ్మళం. కాళ్లు చాపుకుని నవ్వుకుంటూ కనబడితే ముఖం మాడుతుంది.

ఉత్తరం చివర మీరు నవ్వులాటగా రాసిన ముక్క ఒకటుంది. సాగర్ గేట్లు ఎత్తినప్పుడల్లా ఆయన మిల్లు దోస్తులతో బండేసుకుని వెళ్లొస్తారట. తీసుకొచ్చిన వీడియో మీకు చూపిస్తే, అందులో 26 గేట్లూ లెక్కపెట్టి సంబరపడ్డారట. కాపురానికొచ్చి 22 ఏళ్లమ్మా! ఎడమ కాలువ నీళ్లతో పండిన వడ్లే మీ ఆయన మిల్లుకొచ్చేవి, ఆ జీతంతోనే మీ పొయ్యి వెలిగేది. ఆ డ్యామ్‌ను మాత్రం మీరు ఫోన్లో చూస్తున్నారు.

ఆయన చెడ్డవాడని నేననను. తాగి రాడు, చెయ్యెత్తడు. అంతమాత్రానికే మంచి మనిషని సర్టిఫికెట్ ఇచ్చేస్తాం మనం, ఆ కొలత నాకు నచ్చదు. సరదాకేమో దోస్తులు, సంసారానికేమో భార్య, ఇలా పంచేశారాయన. మీరూ కిమ్మనకుండా మీ వాటా తీసుకున్నారు.

రేపు బండి చప్పుడైతే ఫోన్ దాచకండి, సినిమా ఆపకండి. ‘పావుగంటలో అయిపోతది, ఆగలేకపోతే గిన్నెలో అన్నం ఉంది’ అనండి. మూతి ముడుస్తారు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు కూడా. అప్పుడు మీరు గిన్నెలు ఎత్తేసి కోపం చూపించకండి. చాయ్ వేళకు చాయ్, అన్నం వేళకు అన్నం. నేను పాతకాలపు మనిషిని, కట్టుకున్నవాడి ఆకలి కనిపెట్టుకోవడం ధర్మమే అంటాను. ఆయన ముఖం రంగు చూసుకుంటూ బతకడం మాత్రం ఏ ధర్మంలోనూ లేదు.

ఆయన తీరిగ్గా ఉన్న రాత్రి చూసి ‘ఈసారి గేట్లెత్తితే నేనూ వస్తున్నా’ అనండి. అడగడం కాదు, చెప్పడం. ‘చూద్దాంలే’ అంటే మీ అత్తగారిని వెంటబెట్టుకుని బస్సెక్కండి. 2023 డిసెంబరు 9 నుంచి పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్‌ల్లో ఆడవాళ్లకు పైసా ఖర్చు లేదు, ఆధార్ చూపిస్తే జీరో టికెట్ చేతిలో పెడతారు. సీటు దొరకడమే గగనం, అందుకే ఆదివారం వద్దు. డ్యామ్ చూశాక, అక్కడే 2022లో తెరిచిన బౌద్ధ పార్కు బుద్ధవనం కూడా తిరిగి రండి. అత్తగారు మోకాళ్ల నొప్పులంటే నీడపట్టున కూర్చోబెట్టి పులిహోర డబ్బా ఇవ్వండి. ఆ తర్వాత వారం పాటు ఆవిడ మీ ఫోన్ మాటెత్తితే నన్నడగండి.

రీచార్జి సంగతి ఒకటి మిగిలింది. జాకెట్ల డబ్బులు మొత్తం ఆయన చేతిలో పోసి, రీచార్జికి కూరగాయల పైసల్లో మిగుల్చుకుంటున్నానన్నారు. వచ్చే నెల ముందు రీచార్జి వేయించుకుని, మిగిలిందే ఇవ్వండి. ఏంటి తక్కువైందని అడిగితే, దేనికి తక్కువైందో చెప్పండి.