ల్యాప్‌టాప్ కొనబోతున్న మేనకోడలికి

తిరుపతి,
ఆదివారం

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మాయికి,

నీ మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. పలమనేరులో నువ్వూ, అల్లుడూ, చిన్నదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నువ్వు ఆన్‌లైన్‌లో ఎంసీఏ చేరావని, మొదటి కంతు ఫీజు కూడా కట్టేశావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. నీ బీఎస్సీ ఫలితాలు వచ్చిన నెలలోనే పెళ్లి ముహూర్తం పెట్టుకున్నారు. ‘ఇంకో రెండేళ్లు చదవనీరా’ అని ఆ రోజు మీ నాయనతో గట్టిగా అనలేకపోయానే అన్న బాధ ఇన్నేళ్లుగా నా మనసులో ఉంది. అందుకే ఈ కబురు వినగానే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. ఇరవై వేల లోపు వచ్చే చిన్న ల్యాప్‌టాప్ ఒకటి చూసి పెట్టుకున్నావట, తగ్గింపు ధర అయిపోకముందే కొనేస్తావట. ఆ మాటతో రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే ‘సరే అత్తా’ అని పెట్టేస్తావు. కాగితం మీద ఉంటే కొనే రోజున ఎదురుగా పెట్టుకుంటావని రాస్తున్నాను.

నీ కోర్సుకు యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) అనుమతి ఉందో లేదో వారి వెబ్‌సైటులో చూసే ఉంటావు. చూడకపోతే ఈ రోజే చూడు. ఆ తరువాత విశ్వవిద్యాలయం ప్రాస్పెక్టస్‌లో విద్యార్థి దగ్గర ఎలాంటి కంప్యూటరు ఉండాలని రాశారో ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకో. పరీక్షలు ఇంటి నుంచే రాయాలంటే కెమెరాలోంచి మనల్ని కనిపెట్టి ఉండే సాఫ్ట్‌వేర్ వేయమంటారు. అది విండోస్‌లోనో, మ్యాక్‌లోనో నడుస్తుంది గానీ చవకగా దొరుకుతుందని కొన్న, విండోస్ కాకుండా గూగుల్ వ్యవస్థతో నడిచే క్రోమ్‌బుక్ ల్యాప్‌టాప్‌లో చాలాసార్లు నడవదు.

ఇక అసలు సంగతి. మా అబ్బాయి మొదటి ల్యాప్‌టాప్ గురించి నీకు ఎవరూ చెప్పి ఉండరు, ఎందుకంటే నేనే ఎవరికీ చెప్పలేదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చేనాటికి వాడు డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాడు. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం మూతపడగానే దాన్నే నమ్ముకున్న మన జాబ్ టైపింగ్ దుకాణానికి ఒక్క థీసిస్ కూడా రాకుండా పోయింది. వానాకాలం వచ్చేసరికి క్లాసులన్నీ ఆన్‌లైన్ అన్నారు. వాడు నెల రోజులు ఫోనులోనే పాఠాలు విని కళ్లు మంటలని అంటుంటే చూడలేక, చీటీ పాడి, రూ. 18,000 పెట్టి ఊళ్లోని ఒక దుకాణంలో చిన్న ల్యాప్‌టాప్ కొన్నాను. పెట్టె మీద ‘32 జీబీ’ అని స్పష్టంగా ఉంది. దుకాణంలోని కుర్రవాడు నన్ను మోసం చేయలేదు. ఆ అంకెను నా కళ్లతో నేనే చదివాను, చదివి, చాలుననుకున్నాను.

ఎందుకనుకున్నానో చెబుతాను. 2001లో మీ మామా నేనూ సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి మద్రాసులో కంప్యూటరు సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌కు పోయి మన మొదటి కంప్యూటరు కొన్నప్పుడు దానిలోని హార్డ్ డిస్కు 20 జీబీ. తిరుగు రైల్లో ఆ మానిటరు అట్టపెట్టెను కింద పెట్టడానికి మనసొప్పక రేణిగుంట దాకా ఒడిలోనే పెట్టుకుని వచ్చాను. ఆ యంత్రం మీద ఏడేళ్లపాటు పేజీలు కూర్చే పేజ్‌మేకరు సాఫ్ట్‌వేర్‌లో, అనూ తెలుగు ఫాంట్లతో ఎన్ని సిద్ధాంత గ్రంథాలు కూర్చానో లెక్క లేదు, అయినా ఆ డిస్కు నిండలేదు. ఇరవైలో అంత పని జరిగితే ముప్పై రెండులో ఒక పిల్లవాడి చదువు జరగదా అనుకున్నాను. ఈ కాలపు విండోస్ ఒక్కటే ఆ చోటులో సగానికి పైగా తినేస్తుందని గాని, అది మనం ఎరిగిన డిస్కు కాదని, ఫోనులో ఉండేలాంటి ‘ఈఎంఎంసీ’ అనే చిప్పు అని గాని నాకు తట్టలేదు. తెలియనిదాన్నయితే పదిమందిని అడిగేదాన్ని. తెలుసునన్న ధీమాతో ఎవరినీ అడగలేదు.

మొదటి నెల బాగానే గడిచింది. ఆ తరువాత విండోస్ అప్‌డేట్లు మొదలయ్యాయి. అప్‌డేట్ దిగడానికి చోటు చాలదు, దిగనిదే అది ఊరుకోదు. ఒక మధ్యాహ్నం వాడి బల్ల తుడుస్తూ అక్కడున్న లాంగ్ నోటుబుక్కు తెరిచాను. అధ్యాపకులు పంపిన పాఠాలన్నీ అందులో నీలం సిరాతో ఎత్తి రాసి ఉన్నాయి. బొమ్మలు స్కేలు పెట్టి గీశాడు, ‘స్లైడ్ 14’, ‘స్లైడ్ 15’ అని అంకెలు కూడా వేశాడు, ప్రతి పాఠం చివర మార్జినులో ఎర్ర పెన్నుతో ‘తీసేశా’ అని రాసి తేదీ వేశాడు. కొత్త పాఠానికి చోటు కావాలంటే పాత పాఠం తుడిచెయ్యాలి గనుక, తుడిచే ముందు మొత్తం చేత్తో రాసిపెట్టుకున్నాడన్నమాట. అలా సగం నోటుబుక్కు నిండి ఉంది. ఇంట్లో డబ్బు లేదని తెలిసిన పిల్లవాడు నాతో ఒక్క మాట అనలేదు. ఆ పుస్తకం పట్టుకుని అక్కడే మంచం మీద ఎంతసేపు కూర్చున్నానో నాకు తెలియదు.

మరుసటి నెలలో ఇంటర్నల్ పరీక్ష వచ్చింది. పరీక్ష సాఫ్ట్‌వేర్ వేయడానికి చోటు చాలక రాత్రంతా ఒక్కొక్కటే తుడిచి ఎలాగో వేశాడు. తీరా ప్రశ్నపత్రం తెరిచే సమయానికి యంత్రం తనంతట తాను ఆగి అప్‌డేట్‌కు దిగింది. తెర మీద తిరుగుతున్న ఆ చుక్కల వలయాన్ని ఇద్దరం నలభై నిమిషాలు చూస్తూ కూర్చున్నాం. అది తెరుచుకునేసరికి పరీక్ష ముగిసింది. ‘పరవాలేదమ్మా, మళ్లీ పెడతారట’ అన్నాడు వాడు. తరువాత రిపేరు చేసే అతని దగ్గరకు తీసుకుపోతే మరలు విప్పి వెనక మూత తీసి చూపించాడు. చిప్పులన్నీ బోర్డుకే సోల్డరింగు చేసి ఉన్నాయి, ఇంకొకటి తగిలించడానికి ఖాళీ అన్నది లేదు. ‘ఇందులో మార్చడానికి ఏమీ లేదమ్మా’ అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ చెవిలో వినిపిస్తూ ఉంటుంది.

అందుకే చెబుతున్నాను, కొన్న తరువాత మార్చడానికి వీలుకానిది ఏదో దాన్ని ముందు చూడు. నిల్వకు ఎస్‌ఎస్‌డీ అనే వేగమైన డిస్కు 512 జీబీ ఉండాలి. ఈఎంఎంసీ అన్న మాట కనిపిస్తే ధర ఎంత తక్కువైనా పక్కన పెట్టెయ్యి. ర్యామ్, అంటే పని నడుస్తున్నంతసేపు యంత్రం వాడుకునే మెమొరీ, 16 జీబీ ఉంటే మేలు. నువ్వు చదవబోయేది ఎంసీఏ. డేటాబేసు ఒక పక్క, జావా ఒక పక్క, క్లాసు వీడియో ఇంకో పక్క తెరిచి ఉంటాయి. ఫోను యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో, తెర మీదే ఉత్తుత్తి ఫోనును నడిపే ఎమ్యులేటరు పెట్టాల్సి వస్తే 8 జీబీతో ఊపిరాడదు. డబ్బు చాలక 8 జీబీదే తీసుకుంటే, ఇంకో ర్యామ్ ముక్క పెట్టుకోవడానికి లోపల ఖాళీ స్లాటు ఉందా అని అడిగి, ఆ జవాబు బిల్లు మీద రాయించుకో.

ప్రాసెసరు విషయంలో ఇంటెల్ కంపెనీ ‘ఐ5’ అని అతికించిన చీటీ చూసి సంతోషపడిపోవద్దు. దాని పక్కన ఉండే అంకె చదవాలి. 6200 అని ఉంటే అది ఆరో తరం, 8250 అంటే ఎనిమిదో తరం, 1235 అంటే మొదటి రెండంకెలు కలిపి పన్నెండో తరం. ఇంటెల్‌లో ఎనిమిదో తరానికి ముందువాటిని దాదాపు దేన్నీ విండోస్ 11 ఒప్పుకోదు. విండోస్ 10తోనే సర్దుకుందామా అంటే, దానికి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆఫీసుల నుంచి తిరిగివచ్చిన పాత ల్యాప్‌టాప్‌లు తుడిచి కొత్తవాటిలా అమ్ముతారు, వాటిలో మంచివీ ఉంటాయి, కానీ ఈ అంకె చూడకుండా ఏదీ చేతిలోకి తీసుకోకు. ఏఎండీ కంపెనీ ప్రాసెసరు రైజెన్ 5 అయినా నీ చదువుకు బాగుంటుంది. ఆటల కోసం చేసిన బరువైన యంత్రాలు నీకు అక్కరలేదు.

కీబోర్డు విషయంలో మాత్రం నా మాట కాదనకు. నువ్వు నాలుగో తరగతి వేసవి సెలవుల్లో మన టైపు ఇన్‌స్టిట్యూటుకు వచ్చి, కాళ్లు నేలకు అందని స్టూలు మీద కూర్చుని, రెమింగ్టన్ మిషను మీద ‘ఏఎస్‌డీఎఫ్’ కొడుతూ సాయంత్రం దాకా లేచేదానివి కాదు. చిటికెన వేలు అందక రిబ్బను సిరా అంతా గౌనుకు పూసుకున్నావు. ఆ వేళ్లతో రెండేళ్లు ప్రోగ్రాములు రాయబోతున్నావు. దుకాణంలో ఐదు నిమిషాలు నిలబడి ఒక పేరా టైపు చేసి చూడు. నడుమ భాగం నొక్కితే లోపలికి కుంగే బోర్డు వద్దు. తెర 1920×1080 పిక్సెళ్లు (చుక్కలు) ఉండాలి. 1366×768 అని ఉన్నదానిలో ప్రోగ్రాము సగమే కనబడి కళ్లు అలసిపోతాయి.

ఇంకో భయం కరెంటుది. మీ దిక్కున గాలీ వానా వస్తే కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది గానీ వైఫై పెట్టె ఆగిపోతుంది. దానికి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, తెచ్చి పెట్టుకో. చార్జరుకు మూడు పిన్నుల ప్లగ్గు ఇస్తే మూడు పిన్నుల సాకెట్టులోనే పెట్టాలి. రెండు పిన్నుల అడాప్టరు తగిలించి వాడితే ఎర్తు అందక లోహపు మూత ముట్టుకున్నప్పుడు చెయ్యి జిల్లుమంటుంది. ఇంట్లో పాకే పిల్ల ఉంది. కొనకముందే ఎలక్ట్రీషియన్ని పిలిచి ఆ సాకెట్టుకు నిజంగా ఎర్తు ఉందో లేదో చూపించు, ఇందులో బద్ధకించకు.

రాసిన ప్రతి పనినీ గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి దాచు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ నీకు సరిపోతుంది. తెరుచుకోని ఫ్లాపీని చేతిలో పట్టుకుని మన దుకాణం మెట్ల మీద కూర్చుని ఏడ్చిన పరిశోధక విద్యార్థులను నేను చూశాను.

ఈ లక్షణాలున్న కొత్త యంత్రం ఇరవై వేలకు రాదని నాకు తెలుసు. అల్లుడిని అడగడానికి మొహమాటపడి, చేతిలో ఉన్నంతలోనే సర్దుకోవాలని ఆ చిన్న ల్యాప్‌టాప్ చూశావని కూడా తెలుసు. ఫీజు కట్టేదాకా నాతో ఒక్క మాట చెప్పలేదు, అది నాకు కోపంగానే ఉంది. మా అబ్బాయీ ఇలాగే నోరు విప్పకుండా పాఠాలు చేత్తో ఎత్తి రాసుకున్నాడు. నువ్వు అలా రాసుకుంటూ కూర్చోవడం నేను చూడలేను తల్లీ. వచ్చే నెల నా చీటీ చేతికి వస్తుంది, తక్కువ పడేది అందులోంచి ఇస్తాను. ఉద్యోగం వచ్చాక తిరిగి ఇస్తానంటే ఇవ్వు, తీసుకుంటాను.

వచ్చే ఆదివారం దాకా ఏమీ కొనకు. బెంగళూరు నుంచి తిరుపతికి వచ్చే బస్సులు పలమనేరు మీదుగానే వస్తాయి కదా, పొద్దున్నే బయలుదేరి రా, చిన్నదాన్ని కూడా తీసుకురా. ప్రాస్పెక్టస్ ప్రింటు మరిచిపోకు. మామ బస్టాండుకు వస్తాడు. ఆ రోజు మా అబ్బాయి కూడా ఇంట్లోనే ఉంటాడు. ఏ దుకాణానికి పోయినా వెనక మూత కింద ఏముందని అడిగే పని తనదేనని ఇప్పుడే చెప్పాడు.

ఇట్లు,
నీ మేనత్త