టెన్ సీ ఫారం జోలికి పోవద్దు

బుజ్జమ్మా,

నాన్న పింఛను ఖాతాలో ఖాళీలున్నాయట, లక్షయినా నేనే కట్టి పూడ్చేస్తానన్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటి నుంచి ఒకపక్క గర్వం, ఒకపక్క టెన్షన్. మన ఇళ్లలో తండ్రి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూసిన పిల్ల ఇంకెవరే? కానీ ఆ లక్ష బ్యాంకులోనే ఉంచు. ఈపీఎస్‌లో, అంటే పీఎఫ్‌తో పాటు ఉండే పింఛను పథకంలో, మనం జేబులోంచి కట్టి నెలలు కొనుక్కోవడం లేదు. అది యజమాని వాటాలోంచి వెళ్లే 8.33 శాతం, జీతం ఎంతున్నా 15,000 దాకానే లెక్క, నెలకి 1,250 మించదు. ఖాళీ పూడ్చడమంటే పాత పీఎఫ్ నంబరు వెతికి ఇప్పటి యూఏఎన్‌కి, అంటే కొలువు మారినా మారకుండా ఉండే నంబరుకి, కలపడమే.

రాయగడలో మిల్లు అదే, గేటు అదే, మీ నాన్న షిఫ్టూ అదే, కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ నంబరు మాత్రం మారింది. ఇప్పుడు కనపడేది 2019 నుంచి చేసిందే. దాంతో 58 నిండేసరికి పదేళ్లు కావు, పదేళ్లు లేకపోతే పింఛనే లేదు. 2006 నుంచి 2013 దాకా చేసింది కలిస్తేనే దారి. ఇది చూసి నెట్ సెంటర్ కుర్రాడు "చిన్న సర్వీసండీ, టెన్ సీ పెట్టి డబ్బు తీసేసుకోండి" అంటాడు. నా భయమంతా ఆ ఒక్క మాటే.

మీ మావయ్యకి జరిగింది నీకు సరిగా తెలీదు, అప్పటికి చిన్నపిల్లవి. మొదటి కాంట్రాక్టరు దగ్గర ఎనిమిదేళ్లు చేశారు. కాంట్రాక్టు మారిన రోజు గేటు దగ్గరికి ఒకడు ఫారాల కట్ట పట్టుకొచ్చి, పీఎఫ్‌కి ఫారం 19, పింఛనుకి టెన్ సీ అని అందరిచేతా సంతకాలు పెట్టించాడు. డబ్బొచ్చిందని అందరూ సంబరపడ్డారు. పెంకులు తీయించి స్లాబు వేయించారు మీ మావయ్య, ఆ స్లాబు కిందే నీకు చెవులు కుట్టించాం. తర్వాత రెండో కాంట్రాక్టరు దగ్గర ఏడేళ్లు. 58 నిండాక వెళితే మీది ఏడేళ్లేనండీ, పింఛను రాదు అన్నారు. ముందు ఎనిమిదేళ్లు డబ్బుగా తీసేసుకున్నారు కదా, అవి లెక్కలోంచి పోయాయి. పోనీ చదువు రానివాడా అంటే అదీ కాదు, రోజూ పేపరు చదివే మనిషి! అదే టెన్ సీ ఫారంలో డబ్బు వద్దు, స్కీమ్ సర్టిఫికెట్ (చేసిన సర్వీసు లెక్కలో నిలిపి ఉంచే కాగితం) కావాలి అని కూడా అడగొచ్చని, అది దాచుకుంటే ఎనిమిదీ ఏడూ కలిసి పదిహేనయ్యేవని చెప్పినవాడు లేడు. సగటు జీతం 6,500 వేసుకున్నా, పదిహేనుతో గుణించి 70తో భాగిస్తే నెలకి దాదాపు 1,393 రూపాయలు. పెద్ద సొమ్మేం కాదులే. కానీ ఆయన పోయాక భార్యగా నాకూ వచ్చేది, 2014 నుంచి కనీసం వెయ్యి. ప్రతి నెలా మందుల షాపులో ఆ వెయ్యి గుర్తొస్తుంది.

అందుకే నాన్నకి టెన్ సీ వద్దు, ఫారం 13తో బదిలీ చేయించు. ముందు పాత జీతం చీటీలు, గేటు పాసు, 'ఓఆర్'తో మొదలయ్యే పీఎఫ్ నంబరు వెతుకు. మీ ఇంట్లో కాగితాలు బియ్యం డబ్బా అడుగున పెట్టే అలవాటుంది, అక్కడా చూడు. పాత ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీ లేకపోతే బదిలీ కదలదు. కాంట్రాక్టరు ఎక్కడున్నాడో తెలీకపోతే మిల్లు టైమాఫీసుకే వెళ్లి అడుగు, కాంట్రాక్టు మనుషుల పీఎఫ్‌కి అసలు యాజమాన్యానిదీ బాధ్యతే. నోటిమాటగా అడిగితే రేపు రా అంటారు, అర్జీ రాసిచ్చి నకలు మీద ముద్ర వేయించుకో.

పేరు సంగతి ఒకటుంది. ఒడియా గుమాస్తా మస్టరులో ఇంటిపేరు చివర రాసుంటాడు, ఆధార్‌లో మనది ముందుంటుంది. కంప్యూటర్‌కి వాళ్లిద్దరూ వేరే మనుషులే. జాయింట్ డిక్లరేషన్, అంటే నాన్నా యజమానీ కలిసి ఇచ్చే సవరణ అర్జీ, పెట్టి ముందు అది సరిచేయించు, బదిలీ ఆ తర్వాతే.

బదిలీ అయ్యాక పాస్‌బుక్‌లో పింఛను డబ్బు కొత్త ఖాతాకి వచ్చినట్టు కనపడదు. కంగారుపడి నాకు అర్ధరాత్రి ఫోన్ చేయకు. అది రాదు, సర్వీసే కలుస్తుంది, సర్వీస్ హిస్టరీ తీసి చూడు. అక్కడ ఎన్‌సీపీ రోజులని ఉంటాయి, జీతం లేని రోజులన్నమాట, అవి సర్వీసులోంచి కోస్తారు. నాన్న మలేరియాతో పడుకున్నప్పటివి తప్ప ఎక్కువ ఉంటే ఎందుకని అడుగు.

మజ్జిగౌరమ్మకి మొక్కుకుంటే మొక్కుకో, బరంపురం పీఎఫ్ ఆఫీసుకి మాత్రం నాన్నని వెంటబెట్టుకునే వెళ్లు. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్‌లో కింద బెర్తు తీయించు, వాడి మోకాళ్లు నీకు తెలుసుగా. ఎవడైనా ఏజెంటు ఓటీపీ అడిగితే నా పేరు చెప్పి తిట్టు.

ఇంకోటి, పింఛనుకి టెన్ డీ పెట్టేటప్పుడు మీ అమ్మానాన్నల ఫొటో కలిపి అడుగుతారు. అమ్మ ఆధార్‌లో పేరూ పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో ఈ వారమే చూసి నాకు చెప్పు.

మీ అత్త