అమ్మ మింగబోయే అయోడిన్ క్యాప్సూల్ గురించి

ప్రశ్న: మా అమ్మకి థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని నెల్లూరులో డాక్టర్ గారు రేడియో అయోడిన్ ఇద్దామన్నారు. రేడియేషన్ అనేసరికి అమ్మ బెదిరిపోయింది, అది జన్మంతా ఒంట్లోనే ఉండిపోద్దేమో, రెండేళ్ల మనవణ్ణి ఎత్తుకోకూడదేమో అని అన్నం కూడా సరిగా తినడం లేదు. అంత భయపడాలా? ఇలాంటివి ఇంకెక్కడన్నా వాడతారా? – ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు అమ్మకి ఈ మాట చెప్పమ్మా, అది ఒంట్లో ఉండిపోదు. అది అయోడిన్-131, ఎనిమిది రోజులకి సగమైపోద్ది, ఇంకో ఎనిమిది రోజులకి ఆ సగంలో సగం, పైగా థైరాయిడ్ గ్రంథి లాగేసుకోకుండా మిగిలింది చాలా వరకు మొదటి రెండు మూడు రోజుల్లోనే మూత్రంలో బయటికి పోద్ది. మనం తినే ఉప్పులోని అయోడిన్‌కీ దీనికీ తేడా థైరాయిడ్ గ్రంథికి తెలియదు, అందుకే ఆబగా లాగేసుకుంటుంది, అక్కడ వెలువడే బీటా కిరణాలు ఒకటి రెండు మిల్లీమీటర్లకి మించి పోవు కాబట్టి దెబ్బంతా ఎక్కువగా పనిచేస్తున్న ఆ గ్రంథికే. కోత లేదు, కుట్లు లేవు.

మనవడి సంగతికొస్తే, జాగ్రత్త మాత్రం తప్పదు. గామా కిరణాలు కొంచెం బయటికీ వస్తాయి గనక కొన్నాళ్లు బాబునీ, ఇంట్లో గర్భిణులుంటే వాళ్లనీ దూరంగా ఉంచాలి, ఒకే మంచం మీద పడుకోకూడదు, నీళ్లు బాగా తాగాలి, టాయిలెట్‌లో రెండుసార్లు ఫ్లష్ చేయాలి. ఎన్నాళ్లు అనేది డోసుని బట్టి ఉంటుంది, డాక్టర్‌ని తేదీతో సహా అడిగి క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

ఇంకెక్కడ వాడతారంటే, మన కృష్ణపట్నం లాంటి చోట థర్మల్ ప్లాంట్లు కట్టేటప్పుడు బాయిలర్ పైపుల వెల్డింగ్ లోపల చీలిక ఉందా అని ఇరీడియం-192 అనే రేడియోధార్మిక లోహంతో ఎక్స్‌రే లాంటి ఫిల్మ్ తీసి చూస్తారు, అది 74 రోజులకి సగమైపోద్ది. ఆసుపత్రిలో అమ్మకి గుచ్చిన సిరంజి కూడా కోబాల్ట్-60 అనే ఇంకో రేడియోధార్మిక లోహం కిరణాలతో శుద్ధి అయిందే కావొచ్చు. మహారాష్ట్ర లాసల్‌గావ్‌లో అదే కోబాల్ట్‌తో పురుగు లేకుండా చేసిన మామిడి పళ్లు 2007లో అమెరికా వెళ్లాయి, ఆ పళ్లలో గానీ ఆ సిరంజిలో గానీ రేడియోధార్మికత ఏమీ మిగలదు, ఎక్స్‌రే తీయించుకున్నాక మన ఒంట్లో ఏమీ మిగలనట్టే.

ఇంకొక్కటి, అమ్మ ఇప్పుడు వాడే థైరాయిడ్ మాత్రలు క్యాప్సూల్‌కి ముందు కొన్ని రోజులు ఆపాల్సి రావొచ్చు, మీ అంతట మీరు ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో డాక్టర్‌నే అడగండి.