పాత సర్వర్ మీద కూడా నడిచే ఎగ్జిక్యూటబుల్ గురించి

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ పైథాన్ స్క్రిప్టును పైఇన్‌స్టాలర్‌తో (పైథాన్ లేని యంత్రం మీద కూడా నడిచేలా ప్యాక్ చేసే సాధనం) ఒకే ఫైలుగా చేసి పంపితే కొన్ని సర్వర్ల మీద నడుస్తోందని, మరికొన్నింటి మీద ‘గ్లిబ్‌సీ 2.35 దొరకలేదు’ అంటూ ఆగిపోతోందని రాశావు. లోపం నీ కోడ్‌లో లేదు, దాన్ని గ్లిబ్‌సీ 2.35 ఉన్న ఉబుంటు 22.04 ల్యాప్‌టాప్ మీద బిల్డ్ చేయడంలో ఉంది. గ్లిబ్‌సీ అంటే లినక్స్ ప్రోగ్రాములు వాడుకునే మూల సీ లైబ్రరీ.

పైఇన్‌స్టాలర్ ఇంటర్‌ప్రెటర్‌ను, ఇంపోర్ట్ చేసిన లైబ్రరీలను కలిపి ఇస్తుంది గానీ, సిస్టమ్‌కు ఆధారమైన గ్లిబ్‌సీని అందులో చేర్చదు. పాత గ్లిబ్‌సీ మీద బిల్డ్ చేసినది కొత్తదాని మీద నడుస్తుంది. కొత్తదాని మీద చేసినది పాతదాని మీద నడుస్తుందన్న భరోసా లేదు. అందుచేత ముందుగా మీ సర్వర్లలో అన్నిటికంటే పాతది ఏదో కనుక్కో. రెడ్‌హ్యాట్ 8లో గ్లిబ్‌సీ 2.28, డెబియన్ 11లోనూ ఉబుంటు 20.04లోనూ 2.31 ఉంటాయి.

అన్నిటికన్నా పాతది రెడ్‌హ్యాట్ 8 అనుకుంటే, దానికి అనుగుణంగా ఉండే ఆల్మాలినక్స్ 8 ఇమేజ్ మీద డాకర్‌ఫైల్ (కంటైనర్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే ఫైలు) రాసి, అందులో పైథాన్ 3.11ను, బిన్‌యుటిల్స్‌ను, పైఇన్‌స్టాలర్‌ను ఇన్‌స్టాల్ చేయి. బిన్‌యుటిల్స్‌ను మరచిపోవద్దు, ఎందుకంటే లైబ్రరీలను పరిశీలించడానికి పైఇన్‌స్టాలర్ అందులోని ఆబ్జ్‌డంప్ మీద ఆధారపడుతుంది, చిన్న ఇమేజ్‌లలో అది సాధారణంగా ఉండదు. నీ ల్యాప్‌టాప్‌లోని వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను కంటైనర్‌లోకి మౌంట్ చేస్తే పడిన శ్రమంతా వృథా; పిప్ ఇన్‌స్టాల్ లోపలే జరగాలి. చిన్నదిగా ఉంటుందని చాలామంది ఆల్పైన్ ఇమేజ్ తీసుకుంటారు. అది మజిల్ అనే వేరే లైబ్రరీ మీద నడుస్తుంది కనుక అందులో తయారైన ఫైలు మామూలు గ్లిబ్‌సీ సర్వర్ల మీద పనిచేయదు.

ఇమేజ్ పేరు పక్కన వెర్షన్ కచ్చితంగా రాయి. ‘పైథాన్ 3.11 స్లిమ్’ అని మాత్రమే రాసి ఊరుకుంటే, కొత్త డెబియన్ విడుదలైనప్పుడు ఆ పేరు కింద ఉన్న పునాది మారిపోతుంది, నీకు తెలియకుండానే గ్లిబ్‌సీ కూడా పెరుగుతుంది. డాకర్‌ఫైల్‌ను, వెర్షన్లు రాసిన రిక్వైర్‌మెంట్స్ ఫైలును స్క్రిప్టుతో పాటు గిట్‌లోనే ఉంచు. ఆపిల్ చిప్ ఉన్న మ్యాక్ మీద బిల్డ్ చేసే సహోద్యోగులు ప్లాట్‌ఫామ్‌ను లినక్స్ ఏఎమ్‌డీ64 అని విడిగా చెప్పాలి, లేకపోతే ఆర్మ్ ఫైలు వస్తుంది.

ఒకే ఫైలు మీద నీకున్న మోజు నాకు అర్థమవుతుంది, కానీ అది నడిచిన ప్రతిసారీ టెంప్ డైరెక్టరీలోకి తనను తాను విప్పుకుంటుంది. భద్రత కోసం ఆ డైరెక్టరీని నోఎగ్జెక్‌గా, అంటే అందులోని ఫైళ్ళను నడపనివ్వకుండా, మౌంట్ చేసిన సర్వర్ల మీద అది మొదలే కాదు. అలాంటి చోట వన్‌డైర్ పద్ధతిలో ఫోల్డర్‌గా తయారుచేసి, టార్ చేసి పంపడం మేలని నా అభిప్రాయం. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను మాత్రం ఏ పద్ధతిలోనూ లోపల పెట్టకు. ఆ ఫైలును విప్పి చూసే సాధనాలు అందరికీ అందుబాటులో ఉన్నాయి.

పరీక్షను బిల్డ్ జరిగిన కంటైనర్‌లోనే చేస్తే ఏమీ తేలదు. పైథాన్ ఇన్‌స్టాల్ చేయని, ఖాళీ ఆల్మాలినక్స్ 8 కంటైనర్‌లో ఆ ఫోల్డర్‌ను మౌంట్ చేసి, రూట్ కాని యూజర్‌గా నడిపించు. హిడెన్ ఇంపోర్టులు (పైఇన్‌స్టాలర్ తనంతట తాను కనిపెట్టలేని ఇంపోర్టులు), యాడ్‌డేటా ఆప్షన్‌తో చేర్చవలసిన టెంప్లేట్లు తప్పిపోయి ఉంటే అక్కడే బయటపడతాయి. విండోస్ వాళ్ళకు కావలసిన దానిని విండోస్ యంత్రం మీదే విడిగా బిల్డ్ చేయి, లినక్స్ కంటైనర్ నుంచి పైఇన్‌స్టాలర్ దాన్ని తయారుచేయలేదు.

ఇట్లు,
నీ పెదనాన్న