"నరహత్య చేయకూడదు" అంటే సైన్యంలో చేరకూడదనా?

సందేహం: గురువుగారూ, మా తమ్ముడు అగ్నివీర్‌కి సెలెక్టయ్యాడు. మాది బాప్టిస్టు సంఘం. పది ఆజ్ఞల్లో "నరహత్య చేయకూడదు" అని అంత స్పష్టంగా ఉంటే విశ్వాసి తుపాకి ఎలా పడతాడని సంఘంలో ఒక పెద్దాయన పట్టుబట్టారు. మా పాస్టరుగారేమో హత్య వేరు, యుద్ధంలో చంపడం వేరు, తెలుగు వచ్చినవాళ్లెవరికైనా ఆ తేడా తెలుసు, దేశం కోసం చేసేది ధర్మయుద్ధం అన్నారు. ఇంట్లో అమ్మకి ఒకటే టెన్షన్. తెలుగు మాటగా చూస్తే ఎవరు చెప్పింది సరైనది? "ధర్మయుద్ధం" అనే మాట ఇక్కడ వాడొచ్చా? – ఒక పాఠకుడు, ప్రకాశం జిల్లా.

సమాధానం: తెలుగు వరకే అడిగితే మీ పాస్టరుగారు చెప్పిందే సరైనది. అయితే ఆ ఒక్క మాట పట్టుకుని మీ తమ్ముడి సంగతి తేల్చెయ్యడం ఆయనకీ కుదరదు, పెద్దాయనకీ కుదరదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

మనం కీచకవధ అంటాం, కీచకహత్య అనం. నరకాసుర వధ, మహిషాసుర సంహారం అంతే. "హత్య" అన్నామంటే చేసినవాడిది తప్పని ముందే తేల్చేసినట్టు. శిశుహత్య, భ్రూణహత్య, గోహత్య, బ్రహ్మహత్య, వీటిలో దేన్నీ సమర్థిస్తూ వాడలేం. ఏ రోజు పేపరు తీసినా ఈ తేడా కనిపిస్తుంది: సరిహద్దులో ఉగ్రవాదులు "హతం", జవానుది "వీరమరణం", లోపలి పేజీలో పొలం గట్టు తగాదాలో ఒకరి "దారుణ హత్య". హతం, హత్య రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే, అయినా ఏ సబ్‌ఎడిటరూ ఒకదాని చోట రెండోది పెట్టడు. కాబట్టి తెలుగు బైబిల్లో "చంపకూడదు" అని ఊరుకోకుండా "నరహత్య చేయకూడదు" అని రాయడం వల్ల ఆ ఆజ్ఞ పరిధి కొంత ముందే గీసినట్టయింది. (మీకు ఇది ఆరో ఆజ్ఞ. గుంటూరు వైపు లూథరన్లకు ఇదే ఐదోది, లెక్కపెట్టే పద్ధతి వేరు. ఎవరైనా ఐదో ఆజ్ఞ అంటే పొరబాటనుకోకండి.)

ఇక మూలం సంగతి. హెబ్రూలో ఆ ఆజ్ఞ రెండే మాటలు, లో తిర్త్సాఖ్. అందులో ఉన్న రాత్సాఖ్ అనే ధాతువును యుద్ధంలో శత్రువుల్ని చంపిన సందర్భాల్లో పాత నిబంధన వాడదు, దానికి హారగ్ లాంటి వేరే క్రియలున్నాయి. ఇక్కడివరకూ పాస్టరుగారికి బలమే. కానీ ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయం తీసి చూడండి. ఇద్దరు కట్టెల కోసం అడవికి వెళతారు, ఒకడు గొడ్డలి ఎత్తి కొడుతుంటే పిడి నుంచి ఇనుము ఊడి పక్కవాడికి తగిలి వాడు చచ్చిపోతాడు. పాపం ఇతనికి ఏ పగా లేదు, ఆశ్రయపురానికి పారిపోయి ప్రాణం దక్కించుకోవచ్చంటుంది ధర్మశాస్త్రం. అలాంటివాణ్ణి కూడా హెబ్రూ ఆ ధాతువుతోనే పిలుస్తుంది. దాన్ని మనం హత్య అంటామా? ప్రమాదం అంటాం. సంఖ్యాకాండం 35లో ఇంకో అడుగు ముందుకెళ్లి, సాక్షుల మాట మీద హంతకుడికి మరణశిక్ష అమలు చెయ్యడానికి కూడా అదే క్రియ వాడారు. అంటే మన "హత్య"కున్న హద్దులు హెబ్రూ మాటకు అచ్చంగా అతకవు. ఇంగ్లీషువాళ్లకూ ఇదే చిక్కు, 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో "కిల్" అని ఉంటే తర్వాతి అనువాదాలు చాలావరకు "మర్డర్" అన్నాయి, యుద్ధం వద్దనేవాళ్లు మొదటిది, తప్పులేదనేవాళ్లు రెండోది పట్టుకుని కూర్చున్నారు.

పోనీ యేసు ఆ ఆజ్ఞను నిఘంటువు అర్థం దగ్గరే ఆపాడా అంటే, అదీ లేదు. మత్తయి 5లో "నరహత్య చేయువాడు విమర్శకు లోనగును" అన్న పాత మాట గుర్తుచేసి, సహోదరుడి మీద కోపపడేవాడు కూడా విమర్శకు లోనవుతాడన్నాడు. (ఇక్కడ విమర్శ అంటే విచారణ, తీర్పు. ఇప్పటి పుస్తక విమర్శ కాదు.) కోపాన్నే ఆ ఆజ్ఞ కిందికి తెచ్చినవాడి శిష్యులు, మాది హత్య కిందికి రాదు కాబట్టి మాకు ఏ బాధా లేదు అనుకోవడం నాకు సబబుగా అనిపించదు.

ఈ చిక్కును నాలుగో శతాబ్దంలోనే ఒకాయన చాలా నిజాయితీగా పట్టుకున్నాడు. ఇప్పటి టర్కీలో ఉన్న కప్పదొకియ కైసరయలో బాసిల్ అనే బిషప్పు ఉండేవాడు, తోటి బిషప్పు ఆంఫిలోకియస్‌కి రాసిన ఒక ఉత్తరంలో సంఘ క్రమశిక్షణ గురించి ఒక్కో నియమం చెబుతూ వస్తాడు. అందులో యుద్ధంలో చేసిన "ఫోనోస్"లను మన పితరులు "ఫోనోస్"ల లెక్కలో వెయ్యలేదు అంటాడు. గ్రీకులో ఫోనోస్ అంటే హత్య, నెత్తురు చిందించి చంపడం. తెలుగులో అయితే మనం మొదటి చోట "వధ", రెండో చోట "హత్య" అని రాసి చదివేవాడికి చిక్కు తెలియకుండా చేసేస్తాం. ఆయన రెండు చోట్లా ఒకే మాట ఉంచాడు. ధర్మాన్ని, మర్యాదను కాపాడడానికి పోరాడినవాళ్లన్న దయతో పెద్దలు అలా మినహాయించి ఉంటారని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని, అయినా వాళ్ల చేతులు శుభ్రంగా లేవు కాబట్టి మూడేళ్లు ప్రభు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధనకు) దూరంగా ఉండమని సలహా ఇవ్వడం మంచిదేమో అన్నాడు. హంతకులన్న ముద్ర వెయ్యలేదు, అలాగని ఏమీ జరగనట్టు బల్ల దగ్గరికి వచ్చి కూర్చోమనీ అనలేదు. దావీదు యుద్ధాల్లో చాలా రక్తం ఒలికించాడు గనక మందిరం కట్టడానికి వీల్లేదని దినవృత్తాంతాల్లో ఉన్నదీ ఇలాంటిదే, ఆ యుద్ధాల్లో దేవుడే గెలిపించాడని చెప్పే గ్రంథమే ఈ మాటా చెబుతుంది.

మన సంప్రదాయంలో ఈ సున్నితం లేదనుకోకండి. రాముడు చేసింది రావణ వధే, హత్య అని ఎవరూ అనరు. అయినా బ్రహ్మహత్యా దోషం అంటిందనీ, దాన్ని పోగొట్టుకోవడానికే లింగప్రతిష్ఠ జరిగిందనీ రామేశ్వర స్థలపురాణం చెబుతుంది. పని వధ, మిగిలిన దోషం పేరు హత్య.

కాబట్టి క్రైస్తవుల్లో అసలు వాదం "నరహత్య" అనే మాట మీద నడవలేదు, వేరే వాక్యాల మీద నడిచింది. గెత్సేమనే తోటలో తనను పట్టుకోవడానికి వచ్చినవాళ్ల మీద కత్తి దూసిన పేతురుతో ప్రభువు "కత్తి పట్టుకొనువారందరు కత్తిచేత నశింతురు" అన్నాడు. రోమా పత్రిక 13లో అధికారులు "ఊరకయే ఖడ్గము ధరింపరు" అన్నాడు పౌలు. తెలుగులో ఒకచోట కత్తి, ఇంకోచోట ఖడ్గం కాబట్టి మొదటిది వీధి కొట్లాట, రెండోది రాజ్యం పని అనిపిస్తుంది. గ్రీకులో రెండూ ఒకటే మాట, మఖైరా. పేతురు కత్తి దింపించినప్పుడే ప్రభువు ప్రతి సైనికుడి నడుం పట్టీ విప్పేశాడని 200 ప్రాంతాల్లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత రాశాడు. అటుపక్క, మేమేం చెయ్యాలని అడిగిన సైనికులకు బాప్తిస్మమిచ్చే యోహాను ఎవరినీ బాధపెట్టవద్దు, జీతంతో తృప్తిపడమన్నాడు గానీ కొలువు మానెయ్యమనలేదు, రోమా సైన్యంలో శతాధిపతి కొర్నేలీకి పేతురూ ఆ మాట చెప్పలేదు.

ఈ వాదం కాగితం మీదే జరగలేదు. 295లో ఇప్పటి అల్జీరియాలోని తెవెస్తెలో మాక్సిమిలియన్ అనే ఇరవయ్యొక్కేళ్ల కుర్రాణ్ణి సైన్యంలోకి ఎక్కించడానికి నిలబెట్టి ఎత్తు కొలిచారు, అయిదడుగుల పది అంగుళాలు అని రాసుకున్నారు. సైనికుడన్న గుర్తుగా మెడలో సీసపు బిళ్ల వెయ్యబోతే వద్దన్నాడు. చక్రవర్తుల అంగరక్షక దళాల్లో క్రైస్తవులున్నారు కదా అని అధికారి అడిగితే, వాళ్ల సంగతి వాళ్లకు తెలుసు, నేను క్రైస్తవుణ్ణి, నేను చెడు చెయ్యలేను అన్నాడు. తల నరకడానికి తీసుకెళుతుంటే, తండ్రి తన కొలువు కోసం కుట్టించిన కొత్త బట్టలు ఆ తలారికి ఇచ్చెయ్యమన్నాడు. చూడండి, ఒకే విశ్వాసం ఉన్నవాళ్లు ఆ రోజే రెండు వైపులా ఉన్నారు.

ఆయుధం పట్టనన్న మాక్సిమిలియన్ దారి మన నేలమీదా ఉంది. పాలమూరు వైపు ఎం.బి. చర్చి అంటే అందరికీ తెలుసు గదా, ఆ మెన్నోనైట్ బ్రదరన్ వాళ్ల పూర్వికులు ఆయుధం పట్టబోమని పదహారో శతాబ్దం నుంచీ ఊళ్లు, దేశాలు మారినవాళ్లు. రష్యాలో 1874లో నిర్బంధ సైనిక సేవ పెట్టినప్పుడు వేలమంది అమెరికా వెళ్లిపోయారు. రష్యాలో ఉండిపోయినవాళ్లలోంచి నల్గొండకూ, అమెరికా వెళ్లినవాళ్లలోంచి పాలమూరుకూ మిషనరీలు వచ్చారు. మీ పెద్దాయన మాటకు కావలసినంత వంశముంది, కాకపోతే వాళ్లు ప్రధానంగా నిలబడింది శత్రువులను ప్రేమించమన్న యేసు కొండమీది ప్రసంగం మీద. ఆయనా అక్కణ్ణుంచి మాట్లాడితే పాస్టరుగారు జవాబు వెతుక్కోవలసి వస్తుంది. మన దేశంలో నిర్బంధం లేదు, మీ తమ్ముడు తనంతట తాను వెళుతున్నాడు, అందుకే ఈ రెండు పక్షాలూ వెళ్లకముందే వినడం మంచిది.

చివరి సందేహం, ధర్మయుద్ధం. క్రైస్తవ పండితులు, ముఖ్యంగా థామస్ అక్వినాస్, యుద్ధం న్యాయం కావాలంటే మూడుండాలన్నారు: ప్రకటించే అధికారం ఉన్న ప్రభువు, సరైన కారణం, మంచి ఉద్దేశం. మన ధర్మయుద్ధం ముందుగా చూసేది పోరాడే పద్ధతిని, వెన్నిచ్చినవాణ్ణి, ఆయుధం లేనివాణ్ణి, నిద్రపోతున్నవాణ్ణి కొట్టకూడదని. పాండవుల పక్షాన న్యాయం ఉన్నా భీముడు తొడమీద కొట్టిన దెబ్బను అధర్మమే అన్నారు. అందుకని కారణం గురించి చెప్పేటప్పుడు "న్యాయసమ్మతమైన యుద్ధం" అనండి. పాస్టరుగారు ధర్మయుద్ధం అనే మాటే వాడదలిస్తే, కారణం సంగతి చెబుతున్నారో పద్ధతి సంగతి చెబుతున్నారో ఆ వాక్యంలోనే తేల్చి చెప్పాలి.